నేర్చుకోవడం నామోషీ ఎప్పుడైంది?

సమస్య

నేను గోదావరి జిల్లాల్లో ఒక చిన్న ఊళ్లో బ్యాంకు మేనేజర్ని. వయసు 36. మా బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసిపోయాక బోర్డు, ఫారాలు, సాఫ్ట్‌వేర్, ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌తో సహా అన్నీ మారిపోయాయి. కుర్ర స్టాఫ్ నెలలోనే అలవాటు పడ్డారు. ఇబ్బందల్లా మా హెడ్ క్యాషియర్ గారితోనే. 57 ఏళ్లు. ఒకప్పుడు సంతకం చూసి ఖాతాదారు ఇంటిపేరు చెప్పేసేవారు. ఇప్పుడు ఒక్క ఎంట్రీకి పది నిమిషాలు. క్యూ పెరిగితే పక్క సీటు కుర్రాడొచ్చి మౌస్ లాక్కుని, ఆయన లాగిన్‌లోనే పని కానిచ్చేస్తాడు. ఆయన ఏమీ అనరు. సొరుగులో ఒక నోటు పుస్తకం పెట్టుకుని ఏ పనికి ఏది నొక్కాలో తెలుగులో రాసుకుంటారు. ఎవరైనా వస్తే టక్కున సొరుగు మూసేస్తారు. రీజనల్ ఆఫీసు వాళ్లు ఆయన పనితీరు మీద రిపోర్టు అడుగుతున్నారు. ‘మార్పుకు సహకరించడం లేదు’ అని రాసేయనా? వాలంటరీ రిటైర్మెంట్ తీసుకోమని నచ్చచెప్పనా?

– ఒక మేనేజర్

సలహా

సహకరించని మనిషి నోటు పుస్తకం పెట్టుకోడమ్మా! ఆ సొరుగు సంగతి రాయకపోతే నేనూ మీ మాటే నమ్మేదాన్ని. 57 ఏళ్ల వయసులో స్కూలు పిల్లాడిలా రాసుకుంటున్నారంటే ఆయన నేర్చుకుంటున్నారు. దాన్ని దాచుకుంటున్నారంటే, నేర్చుకోవడాన్ని మీ బ్రాంచి నామోషీ చేసిందన్నమాట. తప్పు మీదే.

వాలంటరీ రిటైర్మెంట్ ఆయన కోరుకోవాల్సింది, మీరు చెప్పాల్సింది కాదు. ముందు ఆ మౌస్ లాక్కోవడం ఆపించండి. ఆయన లాగిన్‌లో ఇంకొకరు ఎంట్రీ వేస్తే, రేపు తేడా వచ్చినప్పుడు ఆడిట్ వాళ్లు పట్టుకునేది ఆయన్నే. చూస్తూ ఊరుకున్నందుకు మీకూ ముప్పే.

విలీనాలు మనకు కొత్త కాదు. 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసింది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు ఒక్కటయ్యాయి. ఖాతాలు మారడానికి తేదీ పెడతారు. మనుషులు మారడానికి తేదీ ఎవరు పెట్టగలరు? ఇన్నేళ్లూ పనిమంతుడనిపించుకున్న మనిషి, బోర్డు మారిన మర్నాటికి ఏమీ రానివాడైపోయాడు. ఖాతాదారుల ఎదుట ఆ చిన్నతనమే ఆయన్ని తినేస్తోంది.

రోజూ కౌంటరు తెరవకముందు అరగంట ఆయనకివ్వండి. ముందు డిపాజిట్, విత్‌డ్రాయల్, పాస్‌బుక్ ఈ మూడే. అవి చేతికొచ్చాక మిగతావి. ఆ కుర్రాడినే పక్కన కూర్చోబెట్టండి. అతను నోటితో చెప్పాలి, కీబోర్డు మీద వేళ్లు మాత్రం ఆయనవే ఉండాలి. ఆ నోటు పుస్తకాన్ని ఆయన్ని అడిగి టైపు చేయించి ప్రతి సీటు దగ్గరా పెట్టండి. ఇంగ్లిష్ సర్క్యులర్ కన్నా అదే అందరికీ పనికొస్తుంది.

ఇళ్లల్లోనూ ఇదే తంతు. నాన్న ఫోన్లో కరెంటు బిల్లు కట్టబోయి తడబడితే, కొడుకు ‘ఇలా ఇవ్వు’ అని లాక్కుంటాడు. బిల్లు కట్టడం అయిపోతుంది, నాన్నకు మాత్రం రాదు. అమ్మ రెండోసారి అడిగితే ‘నిన్ననే చెప్పాను కదా’ అని విసుక్కుంటాం. ఆ విసుగు చూశాక ఆవిడ అడగడం మానేస్తుంది. ముక్కూమొహం తెలియనివాడు ఫోన్ చేసి బ్యాంకు నుంచి అంటే ఓటీపీ చెప్పేసేది అలాంటి అమ్మే. ఇంట్లో ఎవర్నీ అడగలేక మోసపోయిందని అప్పుడు కూడా మనకు తట్టదు, ఆవిడ్నే తిడతాం. పెద్దవాళ్లకు పని చేసిపెట్టడం గౌరవమనుకుంటున్నాం. వాళ్లు నేర్చుకునేదాకా ఓపిక పట్టడమే అసలు గౌరవం.

ఇక రిపోర్టు. ‘సహకరించడం లేదు’ అని రాయకండి, అది అబద్ధం. ‘నేర్చుకుంటున్నారు. ఇంకొన్ని నెలలు గడువు కావాలి. మరోసారి శిక్షణకు పంపండి. రద్దీ రోజుల్లో అదనంగా ఒకరిని ఇవ్వండి’ అని రాయండి. పైవాళ్లు చిరాకు పడతారేమో, పడనివ్వండి. కింది సిబ్బంది తరఫున ఆ చిరాకు భరించడం కూడా మేనేజరు ఉద్యోగమే.