ఇంట్లో చేప టాకోలు: ఎవరు తినొచ్చు, ఎంత తినొచ్చు?

ప్రశ్న: మేం శాన్‌ డియేగోలో ఉంటాం. సరిహద్దు దాటి మెక్సికోలోని ఎన్సెనాడా వెళ్లినప్పుడల్లా పిల్లలు అక్కడి బండ్ల మీద వేయించిన చేప టాకోలు తింటారు. ఇప్పుడు ఇంట్లో చెయ్యమని ఒకటే గొడవ. మా వారికి 49 ఏళ్లు, షుగర్‌ ఉంది. మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్‌ వేసుకుంటారు. ట్రైగ్లిజరైడ్స్‌ కూడా ఎక్కువే. వేపుళ్లు తగ్గించమని డాక్టరు చెప్పారు. అందరూ టాకోలు తింటుంటే ఆయన ఒక్కరే పుల్కా ముందు కూర్చోవడం నాకు కష్టంగా ఉంది. ఆయనకు పెట్టొచ్చా?
- ఒక గృహిణి, శాన్‌ డియేగో

జవాబు: పెట్టొచ్చమ్మా. వారం వారం మాత్రం వద్దు. నెలకు ఒకటి రెండుసార్లు, ప్లేటులో రెండు టాకోలకు మించకుండా పెట్టండి. ట్రైగ్లిజరైడ్స్‌ మరీ ఎక్కువగా, 500 దాటి ఉంటే మాత్రం అవి దిగేదాకా ఆయనకు వేపుడు ముక్క పెట్టొద్దు. ఆ స్థాయిలో క్లోమానికే వాపు వచ్చే ప్రమాదం ఉంటుంది.

మీరు చేయబోయే వంటకంలో చెడ్డ పదార్థం ఏదీ లేదు. 100 గ్రాముల కాడ్‌ చేపలో సుమారు 18 గ్రాముల మాంసకృత్తులుంటాయి, కొవ్వు ఒక గ్రాము కూడా ఉండదు, కేలరీలు 80 ప్రాంతం. పైన వేసేది పచ్చి క్యాబేజీ, టమాటా సల్సా, నిమ్మరసం. ఇందులో దేనికి వంక పెట్టగలం? లెక్క మారేది మూడు చోట్ల: ముక్క పీల్చుకునే నూనె, కింద ఉండే రొట్టె (టోర్టియా), మీద పోసే తెల్ల సాసు.

ముందు నూనె సంగతి. జారుగా కలిపిన పిండిలో ముంచిన ముక్కను బాగా కాగిన నూనెలో వేయగానే పైపూతలోని నీరు ఆవిరై బయటికి తన్నుకొస్తుంది. మనకు కనిపించే బుడగలు అవే. ఆవిరి బయటికి వస్తున్నంతసేపూ నూనె లోపలికి పోలేదు. ముక్కను తీశాక, అది చల్లారుతున్నప్పుడు లోపలి ఆవిరి తగ్గిపోయి, పైన అంటుకున్న నూనెను పైపూత లోపలికి లాక్కుంటుంది. అంటే నూనెలో ఎక్కువ భాగం ఒంట్లోకి చేరేది బాణలిలో కాదు, ముక్క పళ్లెంలోకి వచ్చిన మొదటి నిమిషంలో. అందుకే చిల్లుల గరిటెతో తీయగానే బాణలి మీదే బాగా దులపండి. తర్వాత ఇనుప జాలీ మీద పెట్టి, వేడి వేడిగా ఉన్నప్పుడే కాగితంతో అద్దండి. చల్లారాక అద్దితే ప్రయోజనం లేదు.

నూనె వేడి 175 నుంచి 190 డిగ్రీల సెంటీగ్రేడ్‌ మధ్య ఉండాలి. థర్మామీటరు లేకపోతే ఒక చుక్క పిండి వేసి చూడండి. అడుగుకు పోయి అక్కడే ఉండిపోతే నూనె కాగలేదు. వేసీ వేయగానే నల్లబడితే మంట ఎక్కువైంది. కొద్దిగా మునిగి వెంటనే బుడగలతో పైకి రావాలి. ఒకేసారి ఏడెనిమిది ముక్కలు వేస్తే నూనె చల్లబడి, పైపూత గట్టిపడక, ముక్క మెత్తగా నూనె ఓడుతుంది. మూడు, నాలుగు చాలు. పైపూత పల్చగా ఉంటే పీల్చే నూనే కాదు, మైదా కూడా తగ్గుతుంది. నేనైతే మైదాలో మూడో వంతు బియ్యప్పిండి కలపమంటాను. ఆవపొడి, ఒరిగానో వేసి, మామూలుగా ఈ పిండిలో పోసే బీరుకు బదులు బాగా చల్లటి సోడాతో కలపండి. గుల్లదనం ఇచ్చేది గ్యాసే, అది సోడాలోనూ ఉంటుంది.

ఇక టోర్టియా. మైదా టోర్టియా ఎనిమిది అంగుళాలది ఒక్కటే సుమారు 25 గ్రాముల పిండి పదార్థం. ఆరంగుళాల మొక్కజొన్న టోర్టియాలో అందులో సగం కూడా ఉండదు. బండి మీద ఒక్కో టాకోకు రెండేసి టోర్టియాలు జతచేసి ఇస్తుంటారు. ఆయనకు ఒక్కటే వేయండి.

మొక్కజొన్న టోర్టియా మీద నాకు ప్రత్యేకమైన గౌరవం ఉంది. మెక్సికోలో గింజలను సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, ఆ తర్వాతే రుబ్బుతారు. ఈ పద్ధతి అక్కడ వేల ఏళ్లుగా ఉంది. మొక్కజొన్నలోని నియాసిన్‌, అంటే బి3 విటమిన్‌, ఒంటికి పట్టని రూపంలో బంధించి ఉంటుంది. సున్నం ఆ బంధాన్ని విప్పుతుంది, పైగా కాల్షియం కలుపుతుంది. ఈ కిటుకు తెలియకుండా మొక్కజొన్న గింజను మాత్రమే తీసుకుపోయి, దాని మీదే బతికిన ఐరోపా, అమెరికా దక్షిణ ప్రాంతాల పేదలు నియాసిన్‌ లోపంతో వచ్చే పెల్లాగ్రా జబ్బుతో వేల సంఖ్యలో చనిపోయారు. మన దక్కన్‌లో ఇదే జబ్బు జొన్నే ఆధారంగా బతికిన పేదల్లో కనిపించింది. దాని మీద 1960ల్లో హైదరాబాద్‌లోని నేటి జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్‌ సి. గోపాలన్‌ బృందం చేసిన పరిశోధన ప్రపంచమంతా చదివింది. కాబట్టి టోర్టియా ప్యాకెట్‌ కొనేటప్పుడు వెనక పదార్థాల జాబితాలో మొక్కజొన్నతో పాటు సున్నం పేరు ఉందో లేదో చూడండి. ఉంటే అది అసలైన పద్ధతిలో చేసినదే.

తెల్ల సాసుకు మయొనైజ్‌ బదులు నీళ్లు వడకట్టిన గట్టి పెరుగు వాడండి. మయొనైజ్‌ ఒక్క పెద్ద చెంచాకే 90 కేలరీల పైన ఉంటుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. గ్లిమెపిరైడ్‌ వేసుకుని భోజనం ఆలస్యమైతే షుగర్‌ ఒక్కసారిగా పడిపోవచ్చు. వేయించే పని ఎప్పుడూ అనుకున్నదాని కన్నా ఎక్కువసేపు పడుతుంది. పిల్లలకు ముందు వడ్డించి, మాత్ర వేసుకున్న మనిషిని చివర కూర్చోబెట్టొద్దు. ఆ మాత్ర భోజనంతో వేసుకోవాల్సింది కాబట్టి, ప్లేటు ఆయన ముందుకొచ్చాకే వేసుకోమనండి. చెమట, వణుకు, ఉన్నట్టుండి విపరీతమైన ఆకలి కనిపిస్తే వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వండి. ఇంకో విషయం: వేపుడు తిన్నప్పుడు కొవ్వు వల్ల అన్నాశయం నెమ్మదిగా ఖాళీ అవుతుంది. రెండు గంటలకు చూసిన షుగర్‌ బాగానే ఉన్నా నాలుగో గంటకు పెరగొచ్చు. ఆ రాత్రి పడుకునే ముందు ఒకసారి చూడండి.

చివరగా ఒక మాట. చేప గుండెకు మంచిదన్న పేరుతో టాకోలను సమర్థించుకోవద్దు. అమెరికాలో 65 ఏళ్లు పైబడినవారి మీద చేసిన ఒక పెద్ద అధ్యయనం 2003లో వెలువడింది. కాల్చిన చేప, ఆవెన్‌లో వండిన చేప తినేవారిలో గుండెజబ్బు మరణాలు తక్కువగా కనిపించాయి, వేయించిన చేప తినేవారిలో ఆ మేలు కనిపించలేదు. వారానికి రెండుసార్లు చేప తినమని అమెరికన్‌ హార్ట్‌ అసోసియేషన్‌ చెప్పేది కూడా వేయించని చేప గురించే. టాకో తిన్నామని ఆ వారం చేపల పులుసు మానెయ్యకండి.

ప్రశ్న: నాకు ఐదో నెల. టెక్సస్‌లో ఉంటాం. వారాంతంలో స్నేహితుల ఇంట్లో బీరు కలిపిన పిండితో చేప టాకోలు చేస్తున్నారు. తినొచ్చా? ఏ చేప మంచిది?
- ఒక పాఠకురాలు, డాలస్‌

జవాబు: బీరు కలిపిన పిండి వద్దు తల్లీ. వేయిస్తే ఆల్కహాల్‌ అంతా ఎగిరిపోతుందనుకుంటారు, నిజానికి కొంత మిగులుతుంది. అది చాలా కొద్ది మొత్తమే. తెలియక ఇప్పటికే తిని ఉంటే కంగారు పడాల్సిన పని లేదు. కానీ సోడాతో అంతే రుచిగా వచ్చేదానికి ఆ కొద్ది మాత్రం ఎందుకు? మద్యం మానడానికి డైసల్ఫిరామ్‌ మాత్రలు వాడుతున్నవారికి, కాలేయం దెబ్బతిని తాగుడు మానినవారికి కూడా ఇదే నా సలహా. మీ స్నేహితులకు ముందే ఫోన్‌ చేసి చెప్పండి. మొహమాటపడే సమయం కాదిది.

చేప దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. పెద్ద చేపలు చిన్న చేపలను తిని బతుకుతాయి కాబట్టి వాటి కండలో పాదరసం పేరుకుంటుంది. అది మావిని దాటి బిడ్డ మెదడును చేరుతుంది. కడిగినా, వేయించినా, పులుసు పెట్టినా పోదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ గర్భిణులు, పాలిచ్చే తల్లులు తినొద్దన్న జాబితాలో సొర, కింగ్‌ మ్యాకరెల్‌, స్వోర్డ్‌ఫిష్‌, మార్లిన్‌ ఉన్నాయి. ఎన్సెనాడాలో ఈ టాకోలకు సొర కూడా వాడుతూ వచ్చారు, అందుకే ఏ చేపో అడగకుండా తినొద్దు. మనం ఇష్టంగా తినే వంజరం కింగ్‌ మ్యాకరెల్‌కు దగ్గరి బంధువు. మన కోస్తాలో బాలింతలకు పాలు పడతాయని పాలసొర వండి పెడతారు. చిన్న సొరలో పెద్ద సొరలో ఉన్నంత పాదరసం ఉండదు. అయినా మీ అమ్మగారో అత్తగారో ప్రేమతో తెప్పిస్తామంటే, పాలిచ్చే నెలల్లో వేరే చేప తెప్పించమని నెమ్మదిగా చెప్పండి.

అలాగని చేపే మానెయ్యకండి. బిడ్డ మెదడుకు, కంటికి కావలసిన ఒమేగా-3 కొవ్వులు చేపలోనే బాగా దొరుకుతాయి. కాడ్‌, పొలాక్‌, తిలాపియా, క్యాట్‌ఫిష్‌ టాకోలకు బాగుంటాయి. వీటిలో పాదరసం తక్కువ. సాల్మన్‌, సార్డిన్‌ ఒమేగా-3కి ఇంకా మంచివి. అన్నీ కలిపి వారానికి 225 నుంచి 340 గ్రాముల దాకా తినొచ్చు. హాలిబట్‌, మాహీ మాహీ అయితే వారానికి ఒక్కసారే.

ముక్క లోపల 63 డిగ్రీల సెంటీగ్రేడ్‌ వేడి చేరాలి. ఫోర్కుతో విడదీస్తే పొరలు పొరలుగా తెల్లగా విడిపోవాలి, అద్దంలా మెరిసే పచ్చిదనం మిగలకూడదు. పచ్చి గుడ్డుతో ఇంట్లో గిలకొట్టిన మయొనైజ్‌ ముట్టుకోవద్దు. క్యాబేజీ పై ఆకులు తీసేసి, కోయకముందే ధారగా పడే నీళ్ల కింద కడగాలి. నిమ్మరసం పిండితే క్రిములు చస్తాయన్న ధీమా వద్దు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చినప్పుడు చేప టాకోలు చేసి, మీద పెరుగు సాసు పోశాడు. చేప, పెరుగు కలిపి తింటే బొల్లి వస్తుందని మా అత్తగారు ఎవరినీ తిననివ్వలేదు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నిజం కాదండీ. బొల్లి అంటే చర్మానికి రంగునిచ్చే కణాలను సొంత రోగనిరోధక వ్యవస్థే దెబ్బతీయడం. కొందరిలో వంశపారంపర్యంగా ఆ గుణం ఉంటుంది, థైరాయిడ్‌ జబ్బుతో కలిసి కూడా కనిపిస్తుంది. తిండికీ దానికీ సంబంధం లేదు. ప్రపంచంలో ఎన్నో చోట్ల చేపను పాలతో, వెన్నతో, మీగడతో వండుకుని తరతరాలుగా తింటున్నారు.

అయితే మీ అత్తగారిని నొప్పించొద్దు. ఆవిడ భయం ఇంట్లో పిల్లల మీద ప్రేమలోంచి వచ్చింది. ఆవిడ వరకు పెరుగు లేకుండా చేసిపెట్టండి. ఈ నమ్మకం నిజంగా బాధించేది బొల్లి ఉన్నవారిని. ఏదో తినకూడనిది తిని తెచ్చుకున్నారని చుట్టూ ఉన్నవారు అనడం, పెళ్లి సంబంధాల దగ్గర ఆ మాట ఎత్తడం నేను విన్నాను. వారి తప్పు ఏ కోశానా లేదు. అది అంటుకునే జబ్బు కూడా కాదు.

ప్రశ్న: బయట మాహీ మాహీ టాకో తిన్న అరగంటకు ముఖం, మెడ ఎర్రగా కందిపోయి తలనొప్పి, గుండెదడ వచ్చాయి. కొన్ని గంటల్లో తగ్గింది. నాకు చేప అలర్జీ ఉన్నట్టేనా?
- ఒక పాఠకుడు, శాన్‌ హోసే

జవాబు: చెప్పిన లక్షణాలను బట్టి అలర్జీ కన్నా హిస్టమిన్‌ విషప్రభావం అనుకోవాలి. మాహీ మాహీ, ట్యూనా, మ్యాకరెల్‌ లాంటి చేపలను పట్టాక వెంటనే మంచులో పెట్టకపోతే, వాటి కండలో బ్యాక్టీరియా హిస్టమిన్‌ తయారుచేస్తుంది. తర్వాత ఎంత వేయించినా అది విరగదు. వాసన తేడా లేకుండానూ ఉండొచ్చు. మీతో తిన్నవారికీ అలాగే అయిందేమో కనుక్కోండి. అయితే ఇది దాదాపు ఖాయం. అంతకుముందు అదే చేప ఏ ఇబ్బందీ లేకుండా తిని ఉంటే ఇంకా ఖాయం. ఇంటికి చేప కొన్నప్పుడు మంచుతో పాటే తెచ్చుకోవాలి, గడ్డకట్టిన ముక్కలను బల్ల మీద కాకుండా ఫ్రిజ్‌లో ఉంచి కరగనివ్వాలి.

నిజమైన చేప అలర్జీ వేరు. ప్రతిసారీ వస్తుంది, చిన్న ముక్కకే వస్తుంది, చేప వేయించిన నూనెలో వేగిన బంగాళాదుంపకూ వస్తుంది. ఊపిరాడకపోవడం, పెదవులు, నాలుక వాయడం కనిపిస్తే వెంటనే 911కు ఫోన్‌ చేయాలి. ఒకసారి అలర్జీ నిపుణుడి దగ్గర పరీక్ష చేయించుకుంటే మీ అనుమానం తీరుతుంది.

ప్రశ్న: చేప వేయించాక మిగిలిన నూనె మళ్లీ వాడొచ్చా? వేయించేటప్పుడు చేతి మీద చిందితే ఏం రాయాలి?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్‌

జవాబు: హోటళ్లలో పదేపదే కాచిన నూనెలో, అది పాడయ్యేకొద్దీ పెరిగే పోలార్‌ పదార్థాలు 25 శాతం దాటితే పారబోయాలని మన ఆహార భద్రతా సంస్థ నియమం. ఇంట్లో దాన్ని కొలవలేం కాబట్టి నా మాట వినండి: చల్లారాక గుడ్డలో వడకట్టి, రెండు మూడు రోజుల్లో చేప కూర తాలింపులకే వాడేయండి. మళ్లీ వేపుడు పెట్టొద్దు. నల్లబడినా, చిక్కబడినా, కాచగానే పొగ వచ్చినా పారేయండి. సింకులో పోయకుండా సీసాలో పోసి మూతపెట్టి చెత్తలో వేయండి.

చిందితే ఏమీ రాయకూడదు. పసుపు, టూత్‌పేస్టు, ఇంకు, ఐస్‌ ముక్క ఏవీ వద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచండి. బొబ్బ అరచేయంత ఉన్నా, ముఖం మీద పడినా ఆస్పత్రికి వెళ్లండి. అసలు చిందకుండా ఉండాలంటే ముక్కలను పిండిలో ముంచే ముందు తడి లేకుండా తుడవాలి. నూనెకు నిప్పు అంటుకుంటే నీళ్లు పోయొద్దు, మంట పైకి ఎగుస్తుంది. స్టవ్‌ ఆపి, బాణలి మీద మూతపెట్టి, చల్లారేదాకా తీయకండి.