విద్యాసోపానమునందలి సంధులు

విద్యార్థులారా! వ్యాకరణమున మీరు సంధులను నేర్చుచున్నారు. పాఠశాలా వ్యవస్థయందును సంధులు కలవు. ఒక దశ ముగిసి మఱియొక దశ మొదలగు చోటే సంధి. వ్యాకరణమున నొక్కొక్క సంధియందు అచ్చు లోపించును. ఇచ్చట లోపించునది బిడ్డ.

ముందుగా మన దేశమునందలి దశలను తెలిసికొందము. మూడేండ్ల శిశువునకు అంగన్‌వాడీ కలదు. ఈ పథకము 1975వ సంవత్సరమున ఆరంభమైనది. పిమ్మట ఒకటి మొదలు ఐదు వఱకు ప్రాథమిక తరగతులు, ఆఱు మొదలు ఎనిమిది వఱకు ప్రాథమికోన్నత తరగతులు, ఆపై తొమ్మిది, పది. అనంతరము మన తెలంగాణమున రెండేండ్ల ఇంటర్మీడియట్; ఆ మీదట డిగ్రీ. 1964–66 నాటి కొఠారీ సంఘము సూచించిన పది, రెండు, మూడు అను క్రమమిదియే. ఇందలి పాఠశాలా భాగమును 2020 నాటి జాతీయ విద్యావిధానము ఐదు, మూడు, మూడు, నాలుగు ఏండ్లుగా విభజించినది; అందు మూడవ యేటినుండియే చదువు లెక్కకు వచ్చును.

నిజాము పాలనలో మన వరంగల్లునందు సంధి భాషవలన కలిగెడిది. తెలుగుబిడ్డ ఉన్నత తరగతులకు పోవలెనన్న ఉర్దూలో చదువవలసి యుండెను. ఆ యడ్డు తొలగినది. దూరము, పేదఱికము, ఇంటిపని మాత్రము నిలిచియున్నవి. 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము ఆఱు మొదలు పదునాలుగేండ్ల బాలబాలికలకు ఉచిత నిర్బంధ విద్య నొసగుచున్నది. ఆవలి మెట్లకు తలిదండ్రుల పూనికయే ఆధారము.

గత జూనులో ఒక యక్క తన తమ్ముని ఆఱవ తరగతిలో చేర్పింప మా పాఠశాలకు వచ్చినది. దరఖాస్తును తానే యొక్క తప్పైన లేక పూరించినది. “నీవెంతవఱకు చదివితివమ్మా?” అని యడిగితిమి. “ఐదు దాకనే సారూ. పెద్దబడి దూరమని నాయిన మాన్పించిండు” అనినది. సార్వత్రిక పాఠశాల ద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చునని చెప్పి, వివరములు వ్రాసి యిచ్చితిమి. కాగితమును మడిచి కొంగున ముడివైచుకొని పోయినది. మరల రాలేదు.

తలిదండ్రులారా! ఐదు, ఎనిమిది, పది ముగిసిన వేసవులలో మీ కుమార్తె పేరు తరువాతి బడిలో చేరినదో లేదో చూచుకొనుడు. విద్యార్థులారా! మీ వీథిలో బడి మానిన తోటివారున్న మాకు తెలుపుడు. మేము వారి యింటికి వత్తుము.