పోనన్న కొడుకు

ఇల్లందు

ప్రియమైన బిడ్డకు,



మొన్న ఫోన్‌లో నా మనవడి గురించి నువ్వు ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఇవన్నీ ఫోన్‌లో చెప్పుకునే మాటలు కావు. రాసి పంపితే అల్లుడు కూడా డ్యూటీ దిగి వచ్చాక నిమ్మళంగా చదువుకుంటాడని ఉత్తరం రాస్తున్నాను.

"వాడిలో ఏదో ఉంది పెద్దమ్మా, గట్టిగా ప్రార్థన చేయించమంటున్నారు" అన్నావు. ప్రార్థన చెయ్యి. నేనూ రోజూ వాడి పేరు ఎత్తి చేస్తున్నాను. కానీ ఏడేళ్ల పిలగాణ్ణి సంఘం ముందు నిలబెట్టి, నెత్తిన నూనె రాసి, వాడిలో దురాత్మ ఉన్నట్టు గద్దిస్తామంటే మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకు. ఆ వయసులో తన గురించి విన్న మాట మనిషిని ముసలితనం దాకా వదలదు. ఇంకొకటి. స్త్రీల కూడికలో ప్రార్థన విన్నపాలు చెప్పేటప్పుడు వాడు నీ ఒళ్లోనే ఉంటాడు. "మావాడు మాట వినడు, చేతికి అందింది విసిరేస్తాడు, నా ప్రాణం తీస్తున్నాడు" అని నువ్వు చెబుతుంటే, వాడు నీ కొంగు అంచు నోట్లో పెట్టుకుని ఒక్కో మాటా వింటున్నాడు. నేను చూశాను. నీ బాధ దేవుడికి తెలుసు. వాడు వింటుండగా పదిమందిలో చెప్పకు.

దసరా సెలవులకు మీరిక్కడికి వచ్చినప్పటి ఒక సాయంత్రం గురించి చెబుతాను. నేను గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. వాడు వాకిట్లో ప్లాస్టిక్ డోజర్‌తో మట్టి తోస్తున్నాడు. నువ్వు లోపలి నుంచి "స్నానానికి రారా" అన్నావు. వాడు తల ఎత్తలేదు. ఇంకో రెండుసార్లు పిలిచావు. నాలుగోసారి "మీ నాన్నకు చెబుతా" అన్నావు. ఐదోసారి "యేసయ్యకు కోపం వస్తుంది" అన్నావు. అప్పుడు వాడు "రాను, ఏం చేస్తావ్?" అన్నాడు. నువ్వు వచ్చి రెక్క పట్టి లాగావు, వాడు బకెట్ తన్నాడు, నువ్వు వీపు మీద ఒకటి వేశావు. వాడి కేకలకు పడుకున్న అల్లుడు లేచి, వాడి మీద కొంత, నీ మీద కొంత అరిచాడు. లొల్లి ఆగకపోయేసరికి చివరికి వాడి చేతిలో ఫోన్ పెట్టావు. స్నానం ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం వాడేం నేర్చుకున్నాడో ఆలోచించు. మొదటి నాలుగు పిలుపులూ లెక్కలోకి రావనీ, గట్టిగా కేకలు పెడితే స్నానం తప్పుతుందనీ, పైగా ఫోన్ వస్తుందనీ నేర్చుకున్నాడు. నువ్వేమో అరిస్తే తప్ప వాడు కదలడని నేర్చుకున్నావు. అమెరికాలో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి పిల్లలున్న ఇళ్లల్లో తల్లీబిడ్డల మధ్య జరిగేదంతా ఏళ్ల తరబడి గమనింపజేసి, 1982లో పుస్తకం రాశాడు. ఒకరినొకరు బలవంతంతో లొంగదీసుకోవడం ఇంట్లో అందరికీ ఎలా అలవాటవుతుందో అందులో చూపించాడు. పిల్లవాడు చెడ్డవాడనీ తల్లి చేతకానిదనీ తేల్చేసే వాళ్ల మాటలకంటే ఆ వివరణ నాకు నిజంగా తోస్తుంది. మన బొగ్గు కుప్పల్లో లోపల వేడి రాజుకుంటే పైపైన నీళ్లు కొట్టినంత మాత్రాన ఆరదు కదా, కుప్ప విప్పి పరచాలి. మీ ఇంట్లో విప్పాల్సింది ఈ అలవాటునే.

ఆ అలవాటు వెనక ఇంకో సంగతి కూడా ఉంది. 1871లో కింగ్ అనే దొర సింగరేణి దగ్గర బొగ్గు కనిపెట్టాడు, 1889లో మన ఇల్లందులో తవ్వకం మొదలైంది. అప్పటి నుంచి మన అల్లుడిలా గని పని చేసే వాళ్ల ఇళ్లల్లో నిద్రలన్నీ షిఫ్టును బట్టే. మణుగూరులో మీది రెండు గదుల క్వార్టర్. అల్లుడు నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకుంటే, ఆ పిలగాడికి పొద్దున లేచింది మొదలు వినిపించేవన్నీ అరవకు, పరిగెత్తకు, తలుపు వెయ్యకు అనే మాటలే. అల్లుణ్ణి తప్పు పట్టడం లేదు, ఒళ్లు హూనమయ్యే పని అది. కానీ ఆ వారాల్లోనే వాడి మొండితనం ఎక్కువవుతుందని నువ్వే అన్నావు. అవునో కాదో క్యాలెండర్ మీద గుర్తు పెట్టి చూడు.

ఇక బెత్తం సంగతి. మీ ఆడబిడ్డ సామెతల గ్రంథం 13వ అధ్యాయం చూపించిందట. బెత్తం వాడాలనే ఆ వాక్యం ఉంది, లేదనను. ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయంలో మొండికొడుకును ఊరివాళ్లు రాళ్లతో కొట్టి చంపాలని కూడా ఉంది. మన సంఘంలో ఎవరూ రాయి పట్టుకోరు. ఎందుకు? ఆ మాటను మనం క్రీస్తును చూసి చదువుతున్నాం కాబట్టి. బెత్తం మాటనూ అలాగే చదవాలి. ఎఫెసీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో తల్లిదండ్రులకు లోబడమని పిల్లలకు చెప్పిన మాట సండే స్కూల్లో అందరి చేతా కంఠస్థం చేయిస్తాం. దాని వెంటనే నాలుగో వచనంలో, పిల్లలకు కోపం పుట్టించవద్దని తండ్రులకు ఇచ్చిన ఆజ్ఞను ఏ తండ్రి చేతా కంఠస్థం చేయించం. కొలొస్సయులకు రాసినప్పుడు పౌలు దానికి కారణం కూడా చెప్పాడు, పిల్లల మనసు కుంగిపోతుందని.

మత్తయి 21వ అధ్యాయంలో యేసు ప్రభువు చెప్పిన ఇద్దరు కొడుకుల కథ నువ్వు ఎన్నోసార్లు విన్నావు. తండ్రి ద్రాక్షతోటలో పనికి వెళ్లమంటే ఒకడు ముఖం మీదే పోనన్నాడు, తర్వాత మనసు మార్చుకుని వెళ్లాడు. ఇంకొకడు సరే నాన్నా అని వెళ్లనే లేదు. ప్రభువు మెచ్చుకుంది పోనన్నవాణ్ణే. ఆ తండ్రి చేసినది చూడు. ఒక్కసారి చెప్పాడు, వాడి జవాబు విన్నాడు, అక్కడ నిలబడి వాదం పెట్టుకోకుండా రెండోవాడి దగ్గరికి వెళ్లాడు. పోనన్నవాడికి ఆలోచించుకునే సందు దొరికింది. మన ఇళ్లల్లో ఆ సందు ఉండదు. పోను అన్న మరుక్షణం చెయ్యి లేస్తుంది, ఇక వాడికి మనసు మార్చుకోవడమంటే ఓడిపోవడమే అవుతుంది.

ఏలీయా చావు కోరుకుని బదరీ చెట్టు కింద పడుకున్నప్పుడు దేవుడు మొదట ఏం చేశాడు? నిద్రపోనిచ్చాడు, రెండుసార్లు లేపి రొట్టె, నీళ్లు ఇప్పించాడు. నీకిక్కడ ఏం పని అని అడగడం ఆ తర్వాతి మాట. స్కూల్ నుంచి ఆకలితో వచ్చిన పిలగాణ్ణి గుమ్మంలోనే హోంవర్క్ అడగకు. ముందు తిననివ్వు. నా అనుభవంలో సగం గొడవలు ఆకలివీ నిద్రవీ.

బెత్తం గొప్పదని చెప్పేవాళ్లు సుసన్నా వెస్లీ పేరు కూడా చెబుతారు. సువార్తికుడు జాన్ వెస్లీ తల్లి ఆవిడ. 19 మందిని కన్నది, దాదాపు సగం మంది పసితనంలోనే పోయారు. పిల్లల సొంత ఇష్టాన్ని ముందే అణచాలని 1732లో కొడుక్కి రాసిన ఉత్తరంలో చెప్పింది నిజమే. అందులో ఆవిడతో నేను ఏకీభవించను. కానీ అంతమంది పిల్లల్లోనూ ఒక్కొక్కరికి వారంలో ఒక సాయంత్రం కేటాయించి, ఆ బిడ్డతో మాత్రమే కూర్చుని మాట్లాడేది. జాన్‌ది గురువారం. అతను పెద్దవాడై ఆక్స్‌ఫర్డ్‌లో చదువు చెబుతున్న రోజుల్లో, ఆ గురువారం సాయంత్రాల్లో కొంచెమైనా మళ్లీ తనకు ఇవ్వమని తల్లికి రాశాడు. బెత్తం మళ్లీ కావాలని రాయలేదు బిడ్డా.

నువ్వూ వాడికి రోజూ ఒక పావుగంట ఇవ్వు. ఆ పావుగంటలో ఆజ్ఞలు వద్దు, ప్రశ్నలు వద్దు, నీతి వద్దు. వాడు డోజర్ తోస్తే పక్కన కూర్చుని నువ్వూ మట్టి తోయి. అంతకుముందు ఎంత అల్లరి చేసినా సరే, ఆ పావుగంటను శిక్షగా తీసేయకు. ఇప్పుడు ఇలాంటి పిల్లల తల్లులకు డాక్టర్లు మొదట నేర్పేది కూడా ఇదే.

చెప్పాల్సింది చెప్పేటప్పుడు వంటింట్లో నుంచి కేకేయకు. దగ్గరికి వెళ్లి, వాడి ఎత్తుకు వంగి, ఒక్క పని ఒక్కసారి చెప్పు. వేణ్నీళ్లా చన్నీళ్లా అని అడుగు, స్నానం చేస్తావా అని అడగకు. చెప్పాక కాసేపు నోరు మూసుకుని నిలబడు, అదే కష్టం. కదిలాడా, ఆ క్షణంలోనే "చెప్పగానే లేచావు" అని మెచ్చుకో. కదల్లేదా, ముందే చెప్పిన చిన్న శిక్ష, ఆ రోజు ఫోన్ లేదు, అంతే. వారమంతా లేదనకు, నువ్వే నిలబడలేవు. కేకలు వేసినా ఇవ్వకు. మొదటి రోజుల్లో ముందుకంటే ఎక్కువ అరుస్తాడు, ఇదివరకు అరుపుకే ఫోన్ వచ్చింది కదా. అప్పుడు మీ ఇద్దరిలో ఒకరు కరిగితే చేసిందంతా పోతుంది. కొట్టకుండా పెంచడమంటే వదిలేయడమని అనుకునేవాళ్లకు ఏలీ యాజకుణ్ణి గుర్తు చెయ్యి. తప్పుడు పనులు చేస్తున్న కొడుకులకు నోటితో చెప్పాడు, ఆపలేదు. ఆయన మీదికి వచ్చిన తీర్పు బెత్తం వాడనందుకు కాదు, అడ్డుకోనందుకు.

యేసయ్య పేరుతో మాత్రం భయపెట్టకు. పిల్లల్ని దగ్గరికి రానివ్వని శిష్యుల మీద కోపగించుకుని, వాళ్లను ఎత్తుకున్న ప్రభువును మనం బూచివాణ్ణి చేస్తే, రేపు కష్టంలో వాడు ఎవరి దగ్గరికి వెళ్తాడు? 1909లో అజరయ్య గారు సువార్త చెప్పడానికి డోర్నకల్ వచ్చినప్పటి నుంచి మన తాతముత్తాతలకు ఎంత ఓపికగా నేర్పారు! చదువు రాని పెద్దవాళ్లకు, తాగి వచ్చేవాళ్లకు, చెప్పిందే చెప్పి, పాటలు కట్టి పాడించి, నేర్చుకున్నాకే బాప్తీస్మం ఇచ్చారు. 40 ఏళ్ల మగవాడికి చూపిన ఓపిక ఏడేళ్లవాడికి చూపించలేమా?

డాక్టర్‌కు చూపించాలా అని అడిగావు. చూపించాలి. దీనికి డాక్టర్లు వాడే పేరు అపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్. ఐదేళ్లు నిండిన పిల్లల్లో కోపం, వాదన, కావాలని ఎదురుతిరగడం వంటి 8 లక్షణాల్లో నాలుగైనా, కనీసం 6 నెలల పాటు, ఎక్కువ భాగం వారానికి ఒక్కసారైనా కనిపిస్తూ, తోబుట్టువులతోనే కాక వేరే ఒక్కరితోనైనా ఉంటే అప్పుడు ఆ పేరు పెడతారు. మనం పెట్టకూడదు. చాలామందిలో నిలకడలేనితనం, చదువులో వెనకబాటు, సరిగా వినపడకపోవడం దాని వెనక దాగి ఉంటాయి. ముందు చెవులు చూపించు. ఈ మొండితనానికే మాత్రలంటూ లేవు, తల్లిదండ్రులకు నేర్పడమే మొదటి వైద్యం. ఈలోగా నీకు మరీ భారంగా అనిపిస్తే 14416కు ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీమానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. అది విశ్వాసం లేనితనం అని ఎవరన్నా అంటే, సువార్త రాసిన లూకా వైద్యుడని చెప్పు.

స్కూల్లో వాణ్ణి బెంచీ మీద నిలబెడుతున్నారన్నావు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం నిషిద్ధం. గొడవకు పోకుండా అల్లుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి హెడ్‌మాస్టర్‌తో మర్యాదగా మాట్లాడు. ఇంట్లో ఏ పద్ధతి మొదలుపెట్టారో టీచర్‌కు కూడా చెప్పు.

నువ్వు మంచి తల్లివి. అలసిపోయావు, అంతే. అల్లుడికి నైట్ షిఫ్టు పడే వారం శని, ఆదివారాలు వాణ్ణి నా దగ్గర వదిలిపెట్టు, మీ ఇద్దరూ నిద్రపోండి. కొత్తగూడెం డాక్టర్ దగ్గరికి ఏ రోజు వెళ్తారో చెబితే నేను బస్టాండ్‌కు వస్తాను. వాడి తెలుగు, లెక్కల నోటుబుక్కులు తెచ్చుకో, రాత చూస్తామని అడుగుతారు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ