పాత కోడ్ చేతికొస్తే ఏ టూల్ పట్టాలి?

యానాం నుంచి ఉద్యోగానికి పుదుచ్చేరి వచ్చి, కదిర్కామంలో గది తీసుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది మీ కోసం. చేరిన వారానికే ఎవరో రాసి వెళ్లిపోయిన కోడ్ మీ చేతిలో పెడతారు. వందల క్లాసులుంటాయి, కామెంట్లుండవు. ఏ టూల్ మంచిదని వెతికే ముందు, మీకిప్పుడు ఏం తెలియాలో తేల్చుకోండి.

ఏ క్లాసు దేన్నుంచి వచ్చింది, ఏ ఫంక్షన్‌ని ఎవరు పిలుస్తున్నారు అన్నది తెలియాలంటే డాక్సిజన్ పెట్టుకోండి. 1997 నుంచీ ఉన్న ఉచిత టూల్ అది. గ్రాఫ్‌విజ్ జోడించి, సెట్టింగుల్లో కాల్ గ్రాఫ్, కాలర్ గ్రాఫ్ ఆన్ చేస్తే బొమ్మలు కూడా గీసిస్తుంది. 'ఎక్స్‌ట్రాక్ట్ ఆల్' మొదట్లో ఎస్ పెట్టండి, కామెంట్ లేని క్లాసులూ కనబడతాయి. కోడ్ మీద పట్టు దొరికాక నో చేయండి. అది ఎస్‌లో ఉన్నంతకాలం కామెంట్ లేదన్న హెచ్చరికలు రావు. అచ్చంగా జావా అయి, ఎవరు పిలుస్తున్నారన్నది అక్కర్లేకపోతే జేడీకేతో వచ్చే జావాడాక్ చాలు. పైథాన్‌కి స్ఫింక్స్, క్లాసుల బొమ్మకి పైలింట్‌తో వచ్చే పైరివర్స్.

అయితే 300 క్లాసుల బొమ్మ మీటింగులో పెడితే సాలెగూడులా ఉంటుంది. మనుషులకు చెప్పడానికి ఆరేడు పెట్టెల బొమ్మ మీరే తయారు చేయాలి. ప్లాంట్‌యూఎంఎల్, మెర్మెయిడ్‌లలో మాటలు రాస్తే బొమ్మ వస్తుంది. ఆ ఫైలు కోడ్ పక్కనే గిట్‌లో ఉంటుంది కాబట్టి ఎవరేం మార్చారో తెలుస్తుంది. మెర్మెయిడ్ బొమ్మల్ని గిట్‌హబ్ 2022 నుంచి నేరుగా చూపిస్తోంది. ఆఫీసు వివరాలు మాత్రం ఆన్‌లైన్ సర్వర్లలో వేయకండి, మీ కంప్యూటర్లోనే నడపండి.

అలాంటి చిన్న బొమ్మకి ఉదాహరణగా, కదిర్కామంలోని ఇందిరా గాంధీ వైద్య కళాశాల లాంటి ఆసుపత్రికి ఓపీ సాఫ్ట్‌వేర్ రాస్తున్నామనుకుందాం. రోగి, విజిట్, బిల్లు, మూడు పెట్టెలు. రోగి వైపు 1, విజిట్ వైపు నక్షత్రం: ఒక రోగి ఎన్నిసార్లయినా రావచ్చు. విజిట్‌నీ బిల్లునీ కలిపే గీతకు విజిట్ వైపు నిండు వజ్రం గుర్తు పెట్టామంటే విజిట్ చెరిపేస్తే బిల్లూ పోతుంది. లెక్కలు చూసేవాళ్లు దానికి ఒప్పుకుంటారా? కోడ్ రాయకముందే ఆ గుర్తు దగ్గర తప్పు దొరికింది.

ఏ టూలూ తవ్వి తీయలేనిది 'ఎందుకు' అన్నది. 'తేదీని సెట్ చేస్తుంది' అన్న కామెంట్ దండగ, ఫంక్షన్ పేరే ఆ మాట చెబుతోంది. 'ఒకే రోజు రెండు విభాగాల్లో చూపించుకున్నా చీటీ ఒక్కటే, అందుకే కొత్త విజిట్ తెరవం' అని రాయండి. మీ తర్వాత వచ్చేవాళ్లకు రోజుల తరబడి వెతుకులాట తప్పుతుంది.

ఎంచుకోవడానికి ఒక పూట చాలు. చిన్న మాడ్యూల్ ఒకటి తీసుకుని రెండు టూల్స్‌తో డాక్యుమెంటేషన్ తయారు చేసి, పక్క సీట్లోని తమిళ మిత్రుడికి చూపించండి. బిల్లు ఎక్కడ తయారవుతుందో మిమ్మల్ని అడక్కుండా అతను దేంతో కనుక్కోగలిగితే, మీ టీముకి అదే సరైన టూల్.