తల్లిపాలలో పురుగుమందు

“తల్లిపాలలో పురుగుమందు ఉన్నదట, డబ్బాపాలు పట్టమంటారా ఫాదర్?” అని విచారణలో తల్లులు అడుగుతుంటారు. కొంత ఉండే మాట నిజమే. తల్లిపాలలో డి.డి.టి. ఉన్నట్లు అమెరికాలో 1951లోనే వెల్లడైంది. అది నీటిలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది. తిండి ద్వారా ఏళ్ల తరబడి తల్లి ఒంటి కొవ్వులో చేరి, పాలలోని వెన్నతోపాటు బయటికి వస్తుంది. నాలుగు రోజుల పథ్యంతో పోయేది కాదు. బాలింతను నిందించడం అన్యాయం.

ఆ పాలలో ఇంకేమున్నదో కూడా చూడండి. ముర్రుపాలలో బిడ్డను అంటురోగాల నుండి కాపాడే పదార్థాలు మెండుగా ఉంటాయి. “పచ్చగా ఉన్నాయి, పడవు” అని వాటిని పిండి పారబోయించే పెద్దలు మనలో ఇంకా ఉన్నారు! మరి డబ్బాపాలు కలిపే నీళ్లకు, సీసా శుభ్రతకు హామీ ఎవరు? ఈ రసాయనాల సంగతి తెలిసే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలలు తల్లిపాలే ఇమ్మని, తరువాత ఇతర ఆహారంతోపాటు రెండేళ్లు, ఆపైన కూడా కొనసాగించమని చెబుతున్నది.

స్వీడన్‌లో డి.డి.టి. నిషేధం తరువాత స్టాక్‌హోం తల్లుల పాలను 1972 నుండి 1997 వరకు పరీక్షించగా, అది ఏటికేడు తగ్గుతూ వచ్చింది. మన దేశంలో 1989లో దానిని సేద్యం నుండి తొలగించారు. 2011లో ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు ఆపించింది.

పత్తికి, మిరపకు మందు కొట్టి వచ్చిన తండ్రులు స్నానం చేసి, బట్టలు మార్చుకున్న తరువాతే బిడ్డను ఎత్తుకోవాలి. ఆ బట్టలను విడిగా ఉతకాలి. పాలిచ్చే తల్లిచేత మందు కలిపించవద్దు. ఖాళీ మందు డబ్బాలలో నీళ్లు, నూనె పోసుకోవద్దు.