హిజ్రాల నోట వాళ్ల చరిత్ర: అడగడం నుంచి అప్పగించడం దాకా

నిజాం కాలంలో, 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో వచ్చిన చట్టం ఒకటి హైదరాబాద్‌లో కొన్ని నేరాల అనుమానం ఉన్న హిజ్రాల పేర్లు, చిరునామాలు రిజిస్టరులో ఎక్కించమంది. అలా పేరెక్కిన మనిషి చీర కట్టి, నగ పెట్టి వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చంది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు వేసిన కేసులో తెలంగాణ హైకోర్టు 2023లో ఆ చట్టాన్ని కొట్టేసింది. రిజిస్టరులో పేరుంటుంది గానీ ఆ మనిషి ఎలా బతికిందో ఉండదు. అది ఆమె నోటే విని రికార్డు చేయాలి. అయితే మన రికార్డరు ఆమెకు ఇంకో రిజిస్టరు కాకూడదు. కింది పద్ధతంతా అందుకోసమే.

1. ఎవరు అడగాలి?

వీలైతే హిజ్రా, ట్రాన్స్ మనుషుల్లో ఒకరే అడగాలి. బెంగళూరులో ‘సంగమ’ అనే సంస్థలో పనిచేసిన ఎ. రేవతి తమిళ హిజ్రాల జీవిత కథలు సేకరించి పుస్తకం చేశారు, తర్వాత తన కథ తానే రాశారు. దాన్ని పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేస్తే సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం కోసం ట్రాన్స్ జీవిత కథలను రికార్డు చేసిన ఆండ్రియా జెంకిన్స్ కూడా ట్రాన్స్ మహిళే. బయటివాళ్లు వెళ్తే సంఘం నుంచి ఒకరిని తోడు తీసుకోవాలి, వాళ్ల పనికి డబ్బివ్వాలి.

2. గడప దాటడం

హైదరాబాద్‌లో లష్కర్‌వాలా, షెహర్‌వాలా అని హిజ్రాల పాత ఘరానాలు, అంటే వంశాల్లాంటి శాఖలు, ఉన్నాయి. ముందు గురువును కలిసి, ఎందుకొచ్చామో చెప్పాలి. కానీ గురువు సరేనన్నంత మాత్రాన చేలా, అంటే శిష్యురాలు, సరేనన్నట్టు కాదు. చేలాను విడిగా, గురువు పక్కన లేనప్పుడు అడగాలి. ఆ రోజు ఆమె బజారులో డబ్బులడగడానికి వెళ్లకపోతే పోయే సంపాదన ముందే లెక్కగట్టి ఇవ్వాలి. ట్రాన్స్ పురుషులు ఈ ఘరానాల్లో కనిపించరు. వాళ్లను స్నేహితుల ద్వారా వెతకాలి, లేకపోతే ట్రాన్స్ మనుషుల చరిత్ర సగమే అవుతుంది.

3. అనుమతి

కాగితం చేతిలో పెట్టి సంతకం అడగడం చాలదు. ఆమెకు అలవాటైన తెలుగులోనో దక్కనీలోనో చదివి వినిపించాలి. ప్రతి సంగతీ విడివిడిగా అడగాలి: గొంతు వినిపించొచ్చా? పేరు వాడొచ్చా? ఊరి పేరు చెప్పొచ్చా? ఫొటో వేయొచ్చా? ఇంటర్నెట్‌లో పెట్టొచ్చా, లేక పదేళ్ల తర్వాతా, తన తదనంతరమా? సంతకం చేయలేకపోతే జవాబులు ఆమె గొంతుతోనే రికార్డు చేయాలి.

4. రికార్డింగ్

ఫ్యాన్ ఆపండి, కిటికీ మూయండి, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద తగిలించండి, గాజులూ గొలుసులూ దానికి రాసుకోకుండా చూడండి. వేవ్ ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. ఒక నిమిషం రికార్డు చేసి ఇయర్‌ఫోన్‌తో విని, తర్వాతే మొదలుపెట్టండి.

5. ప్రశ్నలు

ఆపరేషన్ గురించి అడగొద్దు. హిజ్రాలు నిర్వాణం అనే ఆ సంగతి ఆమె ఎత్తితేనే వినాలి. పాత పేరూ అడగొద్దు. “అమ్మా, మీరు జమాత్‌లోకి (హిజ్రాల సంఘంలోకి) వచ్చిన రోజు ఎవరెవరున్నారు? మొదటి చీర ఎవరు కట్టారు?” అని అడిగి చూడండి. ఆ చీర రంగు దగ్గర మొదలై గురువు వంట, అద్దె ఇల్లు దొరకని రోజులు, బోనాల రద్దీ, రేషన్ కార్డు కోసం తిరిగిన ఆఫీసులు ఒక్కొక్కటే వస్తాయి. ఆమె ఆగితే మీరూ ఆగండి. కన్నీళ్లొస్తే రికార్డరు ఆపి, కొనసాగించాలో వద్దో ఆమెనే అడగండి. ఆమె మాటల్లో ఇంకొకరి జబ్బు, ఇంకొకరి రహస్యం దొర్లితే ఆ చోటు గుర్తు పెట్టుకోండి, బయటపెట్టొద్దు. ఆ మనిషి అనుమతి మన దగ్గర లేదు.

6. రాత

యాసను దిద్దొద్దు. “మా అమ్మ నన్ను పోరడా అని పిలిచేది” అంటే అలాగే రాయాలి. మన వాక్యాల్లో మాత్రం ఆమె ‘ఆమె’యే. రాసింది మొత్తం చదివి వినిపించాలి. వద్దన్న మాట కాగితంలోనే కాదు, ఆడియోలోనూ తీసేయాలి.

7. దాచడం, పంచడం

మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే చోట. ఫైలుకు పేరు బదులు సంకేతం పెట్టి, ఏ సంకేతం ఎవరిదో తెలిపే జాబితాను విడిగా తాళంలో ఉంచాలి. మొదటి ప్రతి ఆమెది. మొదటి శ్రోతలు ఆమె ఒప్పుకుంటే ఆమె సంఘంలోని చిన్నవాళ్లు. ఆ తర్వాతే గ్రంథాలయం, కాలేజీ. సినిమాకో పాఠ్యపుస్తకానికో ఎవరైనా అడిగితే మళ్లీ ఆమె దగ్గరికే వెళ్లాలి.

తన జెండర్ ఏదో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని 2014లో నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) వేసిన కేసు తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. తన కథ ఎంత చెప్పాలో, ఎవరికి చెప్పాలో తేల్చుకునే హక్కూ ఆమెదే. పదేళ్ల తర్వాత వచ్చి “తీసేయండి” అంటే ఎవరు, ఏ ఫైలు, ఎక్కడి నుంచి తీసేయాలో ముందే రాసి పెట్టుకోండి. ఆ ఏర్పాటు లేనిదే మైకు ఆన్ చేయొద్దు.