పంటమార్పిడి – కలుపు నివారణ

రైతు విత్తకుండానే మొలిచి, అతడు పెట్టిన నీటిని, వేసిన ఎరువును పైరుతో పాటు పంచుకొని పెరిగే మొక్కను కలుపు అంటాం. అది ఎక్కడపడితే అక్కడ ఇష్టం వచ్చినట్లు మొలుస్తుందని చాలామంది భావిస్తారు. నిజానికి ప్రతి పంటకూ దానిని వెన్నంటి వచ్చే కలుపు వేరుగా ఉంటుంది. వరిలో పెరిగే ఊదనే గమనించండి. లేత దశలో అది వరి మొక్కను పోలి ఉంటుంది; అందువల్ల కలుపు తీసేవారి కన్నుగప్పి బ్రతికిపోతుంది. బురదలో ఏపుగా పెరిగి, వరి కోతకు రాకముందే గింజలు రాలుస్తుంది. మరుసటి ఏడు అదే మడిలో, అదే అదనులో మళ్లీ వరి నాటితే, ఆ గింజలకు కావలసిన పరిస్థితులన్నీ రైతే సమకూర్చినట్లవుతుంది.

నేలలో పడిన కలుపు గింజలన్నీ ఒకే ఏడాది మొలవవు. కొన్ని మొలుస్తాయి; తక్కినవి అనుకూల సమయం కోసం ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉంటాయి. ఏటా ఒకే పంట వేసే రైతు, తనకు తెలియకుండానే ఈ నిల్వను పెంచుతూ పోతాడు. పంట మారితే దుక్కి వేళ, విత్తే అదను, నీటి యాజమాన్యం, పైరు పరచే నీడ అన్నీ మారతాయి. వరి తరువాత వరుసలలో ఆరుతడి పంట వేస్తే, అందులో మొలిచిన ఊదను వరుసల నడుమ గుంటక తోలి తొలగించవచ్చు. గింజ రాల్చే అవకాశం దానికి దక్కదు.

కృష్ణా డెల్టా అనుభవం ఈ సందర్భంలో ప్రత్యేకంగా పేర్కొనదగినది. అక్కడ వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పైరు నిలిచి ఉండగానే మినుము చల్లే ఆచారం ఉంది. దుక్కి అక్కరలేదు. నేలలో మిగిలిన తేమతోనే పంట పండుతుంది. పెట్టుబడి స్వల్పం గనుక చిన్న రైతులకు ఈ రెండో పంట గొప్ప ఆసరా. అయితే ఏటా మినుమే వేయడంతో బంగారుతీగ అనే పరాన్నజీవి కలుపు పొలాలను ఆక్రమించింది. పేరు అందమైనదే, పని మాత్రం ఘోరం. దీనికి ఆకులుండవు. మొలిచిన కొద్ది రోజులలోనే దారంలాంటి దీని మొలక మినుము కాండాన్ని చుట్టుకొని, నేలతో సంబంధం తెంచుకొని, మొక్క రసాన్ని పీల్చి బ్రతుకుతుంది. కాండాన్ని అల్లుకున్న తీగను విడదీయడం అసాధ్యం. మినుము మొక్కను కూడా పీకవలసిందే. కాని గడ్డిజాతి పైర్ల మీద ఈ తీగ నిలదొక్కుకోలేదు. ఇటు బంగారుతీగ, అటు పల్లాకు తెగులు బాధ పడలేక 2000 తరువాతి సంవత్సరాలలో డెల్టా రైతులు అనేకులు మినుముకు బదులుగా, వరి కోసిన మడిలో దున్నకుండానే మొక్కజొన్న విత్తసాగారు. బంగారుతీగ గింజ పైపొర గట్టిది. అది నేలలో చాలా ఏళ్లు చెడకుండా ఉంటుంది. అందుచేత ఒక్క ఏడాది పంట మార్చినంత మాత్రాన బెడద తీరదు.

పొగాకు వేళ్లపై బ్రతికే పొగాకుమల్లె మరొక ఉదాహరణ. దుమ్ములాంటి దీని గింజలు ఆశ్రయమిచ్చే మొక్క వేళ్లు స్రవించే పదార్థం తగిలితే గాని మొలవవు. నువ్వులు, పెసర వంటి పైర్ల వేళ్లు కూడా ఈ గింజలను మొలిపిస్తాయి, కాని వాటికి ఆశ్రయమివ్వవు. మొలిచిన మొలక ఆహారం లేక చనిపోతుంది. ఇటువంటి పైర్లను ఎర పంటలంటారు.

ఒకే పంటను మార్చకుండా వేస్తూపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇంగ్లండులోని రోథాంస్టెడ్‌లో ఒక పొలమే ఉంది. 1843లో అక్కడ ఏటా గోధుమ వేయడం ప్రారంభించారు. మొదటి ప్రపంచయుద్ధకాలంలో కూలీలు దొరకక కలుపు అదుపు తప్పింది. తరువాత పొలాన్ని భాగాలు చేసి వంతులవారీగా బీడు పెట్టవలసి వచ్చింది. 1968 నుండి కొన్ని భాగాలలో పంటమార్పిడి ప్రవేశపెట్టారు. విరామం తరువాత వేసిన గోధుమ, ఏటా వేసే గోధుమకంటే ఎక్కువ దిగుబడినిచ్చింది. ఈ పెంపునకు కలుపు తగ్గడం కంటే, గోధుమ వేళ్లను ఆశించే శిలీంధ్రపు తెగులు తగ్గడమే ముఖ్యకారణం. పంటమార్పిడి ఫలితాన్ని ఒక్క కలుపు లెక్కతోనే కొలవరాదు. పప్పుజాతి పైరైతే దాని వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహిస్తాయి. తరువాతి పంటకు కూడా అందులో కొంత అందుతుంది.

పంటమార్పిడి సర్వరోగ నివారిణి కాదు. భూమిలోని దుంపల ద్వారా వ్యాపించే తుంగ, పంట మారినా సులభంగా లొంగదు. ఏటా వరి, దాని వెంట ఏటా మొక్కజొన్న వేస్తే అదీ ఒక మూస పద్ధతే అవుతుంది. రెండూ గడ్డిజాతివే, రెండూ నత్రజనిని విరివిగా కోరేవే. పైగా మినుము మిగులు తేమతో పండితే, మొక్కజొన్నకు తడులు కావాలి, ఎరువులు కావాలి, అప్పు కావాలి. కౌలు సేద్యం విస్తారంగా ఉన్న డెల్టాలో ఈ చిక్కు మరింత జటిలం. మూడు నాలుగేళ్లు ఓపిక పట్టి పంట మారిస్తే నేలలోని కలుపు గింజల నిల్వ తరుగుతుంది; కాని ఒక్క ఏడాదికి కౌలు చెల్లించిన రైతు ఆ నాలుగో ఏడు అదే పొలంలో ఉంటాడన్న హామీ లేదు.